ఖాళీ కుర్చీకి బొట్టు

చీమకుర్తి రోడ్డు మీద మూతపడ్డ ఆ సినిమా హాలు ముందు, చీకటి పడితే రాళ్ళ లారీల వాళ్ళు కూడా బండి ఆపరు. లోపల ఇప్పుడు సినిమాలు లేవు, ఉన్నవన్నీ మిరప బస్తాలే. అయినా రాత్రయితే మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుందని చెప్పుకుంటారు...

ఆ హాలుకి కాపలా యలమంద. ఒకప్పుడు అక్కడే ఆపరేటరు. భార్య లక్ష్మీదుర్గ పోయాక ఇంటి మొహం చూడలేదు. తిండి కూడా మానేస్తున్నాడని, మనిషి పుల్లలా అయిపోయాడని తెలిసి, చెల్లెలు కోటేశ్వరి ఒంగోలు నుంచి ఆటో కట్టించుకుని బయల్దేరింది. ఈసారీ తన వెంట రాకపోతే అన్న దక్కడని ఆమె భయం.

వచ్చేసరికి పొద్దుగూకింది.

"నేను గేటు దాకానే అక్కా," అన్నాడు ఆటో తోలే బుడే. "పెళ్ళాంబిడ్డలున్నోణ్ణి."

"లోపలున్నది మా అన్నరా, పులి కాదు."

"పులైతే వచ్చేవాణ్ణే!"

లోపల గుడ్డి దీపం. బస్తాలు పోను మిగిలిన రెండు వరసల కుర్చీలు. ఎదురుగా చిరిగిన తెర. యలమంద రెప్పవేయకుండా దానివైపే చూస్తున్నాడు.

"అన్నయ్యా... ఇంటికి పోదాం రా."

"ఉష్... సినిమా ఆడుతోంది."

తెర మీద ఏమీ లేదు—

"ఏం సినిమా?" గొణిగింది.

"అదో రకందిలే. పాటల్లేవు, ఫైట్లు లేవు. ఒక్కడే మనిషి. ఎవరూ లేని ఇంట్లో రెండు కంచాలు పెట్టుకుని కబుర్లు చెబుతుంటాడు. పిచ్చోడు, పాపం..." యలమంద జాలిగా నవ్వి, పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు. "మీ వదినకైతే ఒకటే ఏడుపు."

కోటేశ్వరి కళ్ళు తుడుచుకుంది. మిరప ఘాటో, దుఃఖమో. చెయ్యి పట్టుకుని లాగింది. బతిమాలింది. తిట్టింది. అతను కుర్చీని కరుచుకుని కూర్చున్నాడు.

"నాదేముందే? మీ వదిన సంగతి తెలుసుగా. బొట్టు పెట్టి పిలవందే పుట్టింటి గడపైనా తొక్కదు. నువ్వు గృహప్రవేశానికీ ఫోన్లోనే పిలిస్తివి. వచ్చిందా?"

రాలేదు.

ఉత్తుత్తి బొట్టే కదా, దానికే అన్న కదిలితే అంతే చాలు అనుకుంది. సంచిలో సింగరాయకొండ గుడి కుంకుమ పొట్లం ఉంది. వేలికి అద్దుకుని, ఖాళీ కుర్చీ ముందు నిలబడి, సిగ్గుపడుతూనే గుసగుసలాడింది.

"వదినా... అన్నయ్యని తీసుకుని మా ఇంటికి రా. వచ్చి... ఉండిపోదువుగాని."

గాల్లో బొట్టు పెట్టబోయింది.

వేలు ఆగిపోయింది.

చల్లగా... పలచటి చర్మం. దాని కింద ఎముక.

యలమంద సంబరంగా లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు. "పద పద, మీ వదిన మనసు మారకముందే."

కోటేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. రాలేదు— ఆ చేతిని ఊతంగా పట్టుకుని, కుర్చీలోంచి ఎవరో మెల్లగా లేస్తున్నారు...