మూసిన కళ్ళలో మెరుపులు

"నా అద్దంలో తప్పు లేదు. నువ్వే సరిగ్గా తుడుచుకోవు!" కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి భార్య మీద విసుక్కున్నాడు కొడుకు.

"నా కళ్ళజోడు అద్దాలు రెండుసార్లు మార్చారు, రెండుసార్లూ మసకే. మీ పనితనం అలా ఏడ్చింది," అంది కోడలు.

వాళ్ళది కళ్ళజోళ్ళ షాపు. కొడుకు అద్దాలు అరగదీస్తాడు, అత్తగారు ఫ్రేములు చూపిస్తుంది, కోడలు వచ్చినవాళ్ళ చేత అక్షరాల బోర్డు చదివిస్తుంది. ఆ ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా ముందు కళ్ళ పవరే చూస్తారు.

కోడలికిప్పుడు ఎనిమిదో నెల. వారంగా తలనొప్పి, కళ్ళముందు మెరుపులు. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. "నెలలు నిండుతుంటే వాపులు మామూలేలే" అని అత్తగారే కొట్టిపారేసింది. బడులు తెరిచే రోజులు కావడంతో షాపు రద్దీలో తీరిక దొరక్క, కోడలు పోయినసారి డాక్టరు దగ్గర పరీక్షకి కూడా వెళ్ళలేదు.

గొడవ తేల్చేద్దామని అత్తగారు కోడలి కళ్ళజోడు తీసి మెత్తటి గుడ్డతో తుడవసాగింది.

"జోడు లేకుండా చూడు. ఇప్పుడో?"

"మెరుస్తూనే ఉన్నాయి అత్తయ్యా."

"కళ్ళు మూసుకో."

"మూసుకున్నా మెరుస్తున్నాయి."

గుడ్డ ఆగిపోయింది. మూసిన కళ్ళకి అద్దంతో పనేముంది?

"ఒరేయ్, బండి తియ్యి. ఆసుపత్రికి."

"షాపో?"

"షట్టరు ఎక్కడికీ పారిపోదు. లే!"

బీపీ చూడగానే డాక్టరమ్మ మొహం బిగుసుకుంది. మూత్రంలో ప్రొటీన్ కూడా పోతోందట.

"ముప్పై ఎనిమిదేళ్ళకి తొలి కాన్పు. మీ అమ్మగారికి కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా?"

"వచ్చిందట. అది అమ్మ సంగతి కదా, నాకేం సంబంధమని మీకు చెప్పలేదు," అంది కోడలు.

"అదే ముందు చెప్పాల్సింది. కడుపుతో ఉన్నప్పుడు ఇలా బీపీ పెరిగి తలనొప్పి, మెరుపులు, వాపులు రావడాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరితే మూర్ఛలు రావచ్చు, తల్లికీ బిడ్డకీ ప్రమాదం. కాన్పయ్యేదాకా ఇక్కడే ఉండాలి."

మర్నాడు మధ్యాహ్నానికి మందులతో బీపీ కాస్త దిగింది. మంచం పక్కనే క్యారియర్ విప్పుకుని ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కొడుకు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"నీకేమైందో అడగలేదు. నా పనికి పేరు పెట్టావనే ఉడుక్కున్నాను," అన్నాడు భార్యతో.

"పోన్లెండి, అద్దం తప్పు కాదని తేలిందిగా," అంది కోడలు. నవ్వబోతే ముగ్గురికీ కళ్ళు తడిశాయి.

అత్తగారు ముందుగా తేరుకుంది.

"కాన్పయ్యేదాకా నేనిక్కడే ఉంటాను. షాపు నువ్వొక్కడివే చూసుకో. ఇకమీదట కడుపుతో ఉన్న పిల్ల ఎవరైనా మసక, మెరుపులు అంటూ వస్తే బోర్డు ముందు కూర్చోబెట్టకు. అటునుంచటే ఆసుపత్రికి పంపి బీపీ చూపించుకోమను."

"మరి కళ్ళజోడో?" అన్నాడు కొడుకు.

"అది ఆగుతుంది," అంది అత్తగారు, కోడలి కంచంలో ఇంకాస్త వడ్డిస్తూ. "నువ్వు తిను అమ్మాయ్."