తంబాకు చేతులు

కోరుట్ల పక్క ఊళ్లోని ఆ ఇంట్లో పొద్దు వర్షిణి స్నానంతోనే మొదలవుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల. మెడ నిలవదు, కళ్లు ఆనవు, మాట లేదు. కోమల నీళ్లు తోడి, కూతురిని చంకల కింద పట్టుకుని లేపబోయింది. నడుము కలుక్కుమంది.

"అత్తా, జర కాళ్లు పట్టు."

రామవ్వ బీడీల చాట పట్టుకుని గడప దాటుతోంది. ఖాళీగా ఉన్న చేతిని కొంగులో దాచుకుంది. "యాదవ్వను పంపిస్త ఉండు."

రెండు నెలలుగా ఇదే వరస. తంబాకు దుమ్ము పిల్ల ఊపిరికి మంచిది కాదని కరీంనగర్ డాక్టరు చెప్పిన రోజే కోమల బీడీలు చుట్టడం మానేసింది. మస్కట్‌లో ఉన్న భర్త కరుణాకర్‌కు జీతం సరిగా అందడం లేదు. పిల్ల పింఛను డైపర్లకే చాలదు. ఫిట్స్ మందు ఈ పూటతో అయిపోతుంది.

"యాదవ్వ ఎందుకు? నీ మనుమరాలు కాదా?" కోమల గొంతు పెరిగింది. "రెండు నెల్లాయె, దాన్ని ముట్టినవా? పొద్దు పొడవంగ పోతవు, దీపం పెట్టినంక వస్తవు. దాని మూలుగు వినబుద్ధి కాకనే గదా!"

రామవ్వ చాటను చంకలోకి మార్చుకుంది.

"అసయ్యమైతే చెప్పు. మేమిద్దరం మా అవ్వగారింటికి పోతం. నీకు ఫికరుండదు."

పక్కింటి యాదవ్వ అప్పటికే వాకిట్లోకి వచ్చింది. "గంత మాటంటవానె కోమలా! మీ అత్త నా అరుగు మీద కూసోని తనదాంతోపాటు నీ పని కార్డు మీద గూడ బీడీలు చుడుతది. పని ఆగితె బీడీల కార్ఖానోళ్లు నీ కార్డు కొట్టేస్తరని. మాపటికి మా నల్లా కాడ తానం జేసి, చీర మార్చుకోని గని ఇంటికి రాదు. నా సబ్బులన్ని గామెకే ఒడిసినయ్!"

"నువ్వూకో యాదవ్వా," అంది రామవ్వ. చాట కింద పెట్టి, రెండు అరచేతులూ కోడలి ముందు చాపింది. "మందు పైసలు కార్ఖానాల అడిగిన, మాపటికిస్తమన్నరు. గీ చేతులే బిడ్డా... బూడిదతోని తోమిన, నిమ్మచెక్కతోని రుద్దిన. నలభై ఏండ్ల వాసన, పోతలేదు. నేను ముడితె దానికేమన్న అయితదేమోనని..."

కోమల గడప దగ్గరికి వచ్చింది. అత్త చెయ్యి పట్టి తెచ్చి పిల్ల చెంపకు ఆనించింది.

వర్షిణి మూలుగు ఆగింది. ముక్కు కదిపి, ముఖం అటు తిప్పి, నోరంతా తెరిచి నవ్వింది. కళ్లు ఆనని పిల్లకు నానమ్మ అంటే ఆ వాసనే. ఈ రెండు నెలలూ పిల్ల ఇంట్లో వెతుక్కుంటున్నది దాన్నేనేమో.

నవ్వు దగ్గులోకి దిగింది. రామవ్వ బెదిరి చెయ్యి లాక్కోబోయింది. వేలు అప్పటికే వర్షిణి పిడికిట్లో బిగుసుకుపోయింది.

"ఇడువు తల్లీ, నీకు దగ్గొస్తది... ఇడువు," ఏడుస్తూనే బతిమాలింది రామవ్వ.

ఆ పిడికిలి ఎవరు చెప్పినా తెరుచుకునేది కాదు. కోమల కళ్లు తుడుచుకుని, చెంబుతో గోరువెచ్చని నీళ్లు ముంచి, ఆ రెండు చేతుల మీదా కలిపి పోసింది.