ఆదివారం ఉతికే చొక్కా

రాయపూర్‌లో మగాడు లేని ఆడదానికి ఇల్లు దొరకడం ఎంత కష్టమో మూడు వీధులు తిరిగేసరికే ఫణిశ్రీకి తెలిసొచ్చింది. మొగుణ్ణి వదిలేశానని నిజం చెప్పిన పాపానికి ఒకావిడ, "మా ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలున్నారమ్మా" అని తలుపేసుకుంది. నాలుగో వీధిలో ఇంటావిడ పైడమ్మ మీ ఆయనేడని అడిగేసరికి నోట అబద్ధం వచ్చేసింది. "మా ఆయనకి విశాఖలో రైల్వే ఉద్యోగమండీ. సెలవు దొరకదు." పైడమ్మది శ్రీకాకుళం వైపు రైల్వే కుటుంబమే. మురిసిపోయి మేడ మీది గది ఇచ్చింది.

ఆడిన అబద్ధాన్ని నిలబెట్టుకోవాలిగా! ఫణిశ్రీ పాతబట్టల గుట్టలోంచి నీలం గళ్ల చొక్కా ఒకటి ఏరి కొంది. ప్రతి ఆదివారం దాన్ని ఉతికి, అందరికీ కనబడేలా తీగ మీద ఆరేసేది. మురికే పట్టని చొక్కాకి సబ్బు పెడుతుంటే ఆమెకే నవ్వొచ్చేది. ఒక్కోసారి ఏడుపూ వచ్చేది. పలకరించే దిక్కులేక ఆ చొక్కాకే కష్టసుఖాలు చెప్పుకునేది. "నాన్నదా?" అని నాలుగేళ్ల కూతురు భావన అడిగితే "ఊఁ" అనేసింది. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

శ్రావణమాసం. పండరీ బట్టల బజారులో తను పనిచేసే చీరల కొట్టు నుంచి వచ్చేసరికి సందె చీకటి పడింది. ముసురు. వీధంతా కరెంటు లేదు. రోజూ పాపను చూసుకునే పైడమ్మ ఒక్కతే గుమ్మంలో కొవ్వొత్తి వెలిగిస్తోంది.

"పాపేది పిన్నిగారూ?"

"అదేటమ్మా అలగడుగుతావు? మీ ఆయన వచ్చినారు గదా! ఎత్తుకుని పైకెళ్లినారు. ఎంత నెమ్మదైన మనిషో! రేపు పేరంటానికి నువ్వు తప్పకుండా రావాల."

ఈ ఇంటికొచ్చిన రెండేళ్లలో ఆమె పేరంటానికి పిలవడం ఇదే మొదలు. తను వదిలేసి వచ్చినవాడు ఇల్లు కనుక్కున్నాడా? మొగుడు లేడని ఇప్పుడంటే గది పోతుంది. ఫణిశ్రీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

తలుపుకు తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి తన సంచిలోనే ఉంది.

లోపల... భావన నవ్వుతోంది.

తాళం తీసి తలుపు తోసింది. చీకటి. తడిసిన సున్నం వాసన, దాన్ని మించి మగమనిషి చెమట వాసన. పాప ఒక్కతే చాప మీద కూర్చుని ఉంది. చొక్కా కొక్కేనికే ఉంది. తాకి చూసింది.

వెచ్చగా ఉంది...

"ఎవరొచ్చారే?"

"నాన్న."

"ఎక్కడ?"

"ఇక్కడే..." పాప గుసగుసలాడింది. "నువ్వు రోజూ మాట్లాడతావు కదా. అందుకే వచ్చాడంట."

గది పోతే పోనీ. పిల్లను చంకనేసుకుని ఫణిశ్రీ కిందికి పరుగెత్తింది. పైడమ్మ కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కుతూ ఎదురొచ్చింది.

"పిన్నిగారూ, అబద్ధం చెప్పాను. నాకు మొగుడు లేడు. ఎప్పుడో విడిపోయాం. రేపే ఖాళీ చేస్తాను... ఈ ఒక్క పూట మీ దగ్గర ఉండనివ్వండి."

పైడమ్మకు ఆ మాట వినబడినట్టే లేదు. చూపు ఫణిశ్రీ భుజం మీదుగా పైమెట్టుకు పోయింది. చప్పున కొంగు నెత్తిన కప్పుకుని, గోడకు ఒదిగి దారి ఇచ్చింది.

"చూసి దిగండి బాబూ... మెట్లు తడిగున్నాయి."

ఫణిశ్రీ వెనక్కి తిరగలేదు. పిల్లను రెండు చేతులా గట్టిగా అదుముకుంది. అయినా మెడ చుట్టూ ఉన్న భావన చేతులు వదులయ్యాయి... వెనక నుంచి ఎవరో అందుకుంటున్నట్టు, చంకలో బరువు కొద్దికొద్దిగా తగ్గుతోంది.