గుడ్డ కింద చెయ్యి

తెల్లవారి వాకిట్లో కల్లాపి చల్లి, ముగ్గేసి, భారతమ్మ మామగారికి కాఫీ తెచ్చింది. కొంగుతో పట్టుకుని తెచ్చినా ఇత్తడి గ్లాసు చురుక్కుమంటోంది.

"కాలతా ఉండాది మామా, కాసేపు ఆగు" అంటూనే ఉంది. దొరస్వామి ఆ గ్లాసును వట్టి చేత్తో అందుకుని, వీధిలో వరసగా నిలబడిన బెల్లం బండ్లను చూస్తూ నిమ్మళంగా కూర్చున్నాడు. చూస్తుండగానే వేలికొసన తెల్లగా బొబ్బ లేచింది.

"అయ్యయ్యో, చెయ్యి!" అని ఆమె గ్లాసు లాక్కుంది. ఆయన ఆ వేళ్ళను పరాయివాటిలాగా చూసుకున్నాడు. "ఏం కాలేదులేమ్మా" అని చేతిని తుండుగుడ్డలో దాచేసుకున్నాడు.

ఆ చెయ్యి మామూలు చెయ్యా! చిత్తూరు బెల్లం బజారు ఆ చేతిని నమ్ముకునే నడుస్తుంది. వేలంలో నోరు విప్పి ఎవరూ రేటు చెప్పరు. షావుకార్లు ఒక్కొక్కరే వచ్చి, గుడ్డ కింద దొరస్వామి వేళ్ళు పట్టి నొక్కుతారు. ఎన్ని వేళ్ళు ఎలా నొక్కితే అంత రేటు. అందరిలో పెద్ద రేటు ఏదో ఆయన పైకి చెబుతాడు. ఎవరెంత పట్టారో పక్కవాడికి కూడా తెలియదు. ఆయన నోటివెంట వచ్చిందంటే ఇక తిరుగులేదు.

పోయినేడు చక్కెర మీద కంట్రోలు ఎత్తేశారు. చక్కెర చవకైపోయి, బెల్లం అడిగే దిక్కు లేక రైతులు చెరుకును నిలువునా తగలబెట్టారు. బజారులో పెద్ద పెద్ద మండీలకే తాళాలు పడ్డాయి. ఈ ఏడు రేటు లేస్తుందని అందరూ అంటున్నారు గానీ, ముందుగా చెయ్యి పెట్టే ధైర్యం ఏ ఒక్కడికీ లేదు. ఈ పూట జరిగే తొలి వేలంలో దొరస్వామి రేటు చెబితే బజారు లేచి నిలబడుతుంది. ఆ చేతికే స్పర్శ లేదని తెలిస్తే బండ్లన్నీ వేలూరు బజారు దారి పడతాయి. పొద్దున్నుంచీ మబ్బు కమ్ముకుని గాలి కూడా ఆడటం లేదు.

ఆమె వంటింట్లోకి పరుగెత్తి మొగుడి చొక్కా పట్టుకుంది. "ఏమయ్యా, మామ వేళ్ళకు తెలివి లేదు. నిప్పులాంటి గ్లాసు పట్టుకున్నా తెలీలేదు. వేలం ఆపించు."

దామోదరం ముఖం పాలిపోయింది కానీ, ఆశ్చర్యం మాత్రం లేదు. "మెల్లగా మే! నోరు మెదపొద్దు."

"మెదపకుండా యాడ కూర్చునేది? తప్పు రేటు చెప్పినాడంటే అరవై ఏండ్ల పేరు మట్టిలో కలిసిపోతాది! మా అన్నను పిలిపిస్తా, ఆయన కూర్చుంటాడు."

"మీ అన్న ఎందుకు? నేను లేనా?"

"నువ్వా!" భారతమ్మకు ఒళ్ళు మండిపోయింది. "పోయినేడు నువ్వు ఉద్ధరించింది సాలదా? బజారంతా చేతులు ముడుచుకుంటే, అందరికంటే పెద్ద రేటు పట్టింది ఎవురు? ఆ బెల్లమంతా వానల్లో చెమ్మెక్కి గోడౌనులో కారిపోయె. ఇంట్లో చీమలు తప్ప ఇంకేం మిగిల్నాయి? నీ చేతకానితనం చెప్పుకోని చోటు లేదు నాకు!"

దామోదరం గోడవైపు తిరిగాడు.

"నేను పట్టలేదే" అన్నాడు.

"ఏంది?"

"ఆ రేటు నేను పట్టలేదు. ఎవురూ పట్టలేదు. నాయన వేళ్ళకు అప్పటికే తెలీలేదు. ఏదో అనుకుని పైకి చెప్పేసినాడు. షావుకార్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటా ఉండారు. ఇంకొక్క నిమిషం ఆగింటే దొరస్వామి చెయ్యి పోయిందని బజారుకు తెలిసిపోయుండేది. నేనే పట్టినానని చెప్పేస్తి. ఆ పొద్దే కాదు, మళ్ళా మళ్ళా అదే జరిగె."

భారతమ్మ పట్టుకున్న చొక్కా వదిలేసింది. అంతలో గడప దగ్గర ఏదో కదిలినట్టయి తల తిప్పింది. దొరస్వామి! ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. పోయినేడు ఇదే ఇంట్లో, కొడుకును పట్టుకుని "నా కడుపున చెడబుట్టినావు" అన్న మనిషి ఆయన.

"నాయనా..." అన్నాడు దామోదరం. ఆయన చెప్పులైనా వేసుకోకుండా ఇంటి ముందున్న తమ మండీలోకి నడిచాడు.

ఆడవాళ్ళు మండీలోకి పోరు. భారతమ్మ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. ఈ ముసలాయన ఇప్పుడేం చేస్తాడో, ఇల్లు ఉంటుందో మునుగుతుందో!

దొరస్వామి అరుగు ఎక్కాడు. "అయ్యా, అందరూ వినండి. పోయినేడు నా కొడుకును సూసి మీరు నగినారు, నేనూ తిట్టినాను. వాడు ఏ రేటూ పట్టలేదు. నా వేళ్ళు సచ్చిపోయినాయి. నా మాట నిలబెట్టేదానికి వాడు బుద్ధిలేనోడు అయినాడు. ఈ పొద్దు నుంచి గుడ్డ కింద నా చెయ్యి ఉండదు."

బజారు ఒక్కసారిగా చల్లబడిపోయింది. రెండు బండ్లవాళ్ళు ఎద్దులను కట్టుకుని వేలూరు దారి పట్టారు. మరొకడు కాడి ఎత్తాడు. అయిపోయింది, కొంప మునిగిందనుకుని భారతమ్మ కళ్ళు మూసుకుంది.

"ఆగరా!" అని ఎవరో అరిచారు. కార్వేటినగరం రైతు మునిరామయ్య. పోయినేడు తోట తగలబెట్టుకున్నవాడు. బండి దిగి ముందుకొచ్చాడు. "తండ్రి తనకు నష్టమని తెలిసీ నిజం దాచలే. కొడుకు తన పేరు పోయినా నోరు విప్పలే. ఇంతకన్నా నమ్మకం నాకు వేలూర్లో దొరకతాదా? దామోదరా, కూర్చో. నా సరుకుతోనే మొదలుపెట్టు."

దామోదరం అరుగెక్కి కూర్చున్నాడు. తండ్రే దగ్గరుండి ఆ చేతి మీద తుండుగుడ్డ కప్పాడు. ఎంతకీ ఎవరూ కదల్లేదు. చివరికి ఒక షావుకారు గొంతు సవరించుకుని లేచి, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చాడు. అతని వెనక ఇంకొకరు.

ఆ రోజు రేటు గొప్పగా లేవలేదు, అలాగని పడిపోనూ లేదు. రేపెలా ఉంటుందో చెప్పగలిగేవాడు ఆ బజారులో లేడు.

మధ్యాహ్నం దామోదరం విస్తరి ముందు కూర్చున్నాడు. భారతమ్మ వడ్డించలేక అలాగే నిలబడి ఏడ్చేసింది. "సంవత్సరం పొడుగునా ఊరందరి ముందరా తిట్టిపోస్తినే! నాకైనా ఒక్క మాట చెప్పకూడదా? నేను ఎవురితో చెప్తాను?"

"నువ్వు చెప్తావని కాదు మే" అన్నాడు దామోదరం తలెత్తకుండా. "నిజం తెలిస్తే నువ్వు నన్ను తిట్టవు. ఇంట్లో పెండ్లామే తిట్టకపోతే, తప్పు నాదేనని బజారు యాడ నమ్మతాది?"