నాయినకు పనిచెయ్యని మందు

శనివారం పొద్దున పెర్సిస్ మెదక్ బస్టాండులో దిగి ఇంటికి వచ్చేసరికి, తండ్రి గాబ్రియేలు వాకిట్లో కూర్చుని చర్చి బెంచీ కాలొకటి చిత్రిక పడుతున్నాడు. అరవై రెండేళ్ల వడ్రంగి ఆయన. కడుపులో క్యాన్సర్ బయటపడి నాలుగు నెలలైంది.

"చెప్పకుండ వస్తివేంది బిడ్డా? యేసమ్మా, పెర్సిస్ వచ్చింది. ఇంకో గిలాస చాయ్ పెట్టు!"

తండ్రి అంత హుషారుగా ఉండటమే పెర్సిస్‌ను భయపెట్టింది. కీమో ఎక్కించుకుంటున్న మనిషి ఇలా ఉండడు. నిన్న సాయంత్రం హైదరాబాద్ ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. మీ నాన్నగారు వరుసగా రెండుసార్లు రాలేదు, వేరేచోట చూపిస్తున్నారా అని అడిగింది.

పెర్సిస్ నేరుగా వంటింట్లోకి వెళ్లింది. "అమ్మా, నాయిన దవాఖానకు ఎందుకు పోతలేడు?"

యేసమ్మ తెల్లబోయింది. "నువ్వే వద్దన్నవంట గద! నీ మందు వస్తుంది, గా మందు గీ మందు కలవద్దు అన్నవని చెప్పిండు."

"నేనెప్పుడన్న?"

గదిలోంచి అన్న ఉదయ్ కుమార్ బయటికి వచ్చాడు. "గడ్డ ముక్క తీస్కపోనీకి నాయినతోటి సంతకం పెట్టించుకుంటివి గద. నా బిడ్డ మందు కనిపెట్టింది, నా పేరు రాసుకున్నరని చర్చిల అందరికి చెప్పుకుంటుండు. లోకానికంత చేస్తవు, నాయినకు తెచ్చియ్యరాదా?"

క్యాన్సర్ కణాల పైపొర మీద ఉండే ఒక ప్రొటీన్ మీద పెర్సిస్ మూడేళ్లుగా పరిశోధన చేస్తోంది. దాన్ని పట్టుకునే మందు ఎలుకల్లో పనిచేసిన రోజు, సంతోషం పట్టలేక ఇంటికి ఫోన్ చేసి "నాయినా, దొరికింది!" అని అరిచింది. ఆ ఒక్క మాటను ఆయన ఎంత దూరం తీసుకుపోయాడో ఇప్పుడు అర్థమైంది.

"మందు ఇంక తయారు కాలేదన్నా," అంది మెల్లగా. "ఎలుకల దాకనే వచ్చింది. మనుషులకు రావాలంటె పదేండ్లు పట్టొచ్చు. అసలు రాకపోవచ్చు."

"పదేండ్లా?" గుమ్మంలో గాబ్రియేలు నిలబడి ఉన్నాడు. "మరి నా గడ్డ ముక్క ఎందుకు తీస్కపోయినవ్?"

ఆరు వారాలుగా దాచుకున్న మాట ఇక దాచలేకపోయింది పెర్సిస్.

"ఆ ప్రొటీన్ నీ గడ్డల ఉందో లేదో చూద్దామని నాయినా. లేదు. మందు దాన్నే ఎతికి పట్టుకుంటది. అది లేనికాడ మందుకు పట్టు దొరకదు. రేపే వచ్చినా నీకు పనిచెయ్యదు."

"ఎప్పుడు తెల్సింది నీకు?" ఉదయ్ గొంతు పెరిగింది.

"ఆరు వారాలాయె. చెప్పనీకి నోరు రాలే."

"నీకు నోరు రాక నాయిన రెండు ఇంజెక్షన్లు ఇడిశిపెట్టిండు!"

పెర్సిస్ తల దించుకుంది. అన్న అన్నదాంట్లో తప్పేమీ లేదు. గాబ్రియేలు గోడ పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. ఆమె వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"కీమోకు తాళలేకనా నాయినా?"

"గది కాదు బిడ్డా." ఆయన చేతులకంటిన చెక్కపొట్టును దులుపుకున్నాడు. "గా మందులు ఒంట్ల ఉండంగ నయమైతె, నీ మందుతోటే నయమైందని ఎవరంటరు? అందుకే ఒళ్లు ఖాళీగ పెట్టుకుందామనుకున్న. నీ మందు అందరికన్న ముందు నాకే పడాలె, నా బిడ్డకు పేరు రావాలె అనుకున్న."

"ఏ మందుతోటి నయమైతె నాకేంది నాయినా!" పెర్సిస్ ఆయన మోకాళ్లు పట్టుకుంది.

యేసమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఇద్దరి మీదా విరుచుకుపడింది. "ఒకరి కోసం ఒకరు దాస్కుంట నన్ను సంపుతున్నరు. ఇగ నా ఇంట్ల దాపరికం వద్దు!"

గాబ్రియేలు కూతురినే అడిగాడు.

"మరి గా ప్రొటీన్ ఎవరికుంటది?"

"పదిమందిల ఇద్దరికో ముగ్గురికో."

"వాళ్లకైన పనిచేస్తదా?"

"తెల్వదు నాయినా. గదే చూస్తున్నం."

"మంచిగ చూడు," అన్నాడాయన. కొడుకు వైపు తిరిగి, "సోమవారం పొద్దుగాల బస్సుకు పోదాం ఉదయ్," అన్నాడు.

సోమవారం డాక్టర్ గట్టిగానే కోప్పడ్డాడు. గడ్డ కొంచెం పెరిగిందని, అయినా చేయి దాటలేదని, ఇక ఒక్కరోజు కూడా తప్పొద్దని చెప్పాడు. పెర్సిస్ పక్కనే ఉండగా నర్సు గాబ్రియేలు చేతికి సూది గుచ్చుతూ, "మీ అమ్మాయి క్యాన్సర్‌కు మందు చేస్తోందటగా తాతా?" అంది.

"చేస్తుందమ్మా," అన్నాడు గాబ్రియేలు. చర్చి ముందు నిలబడి నలుగురికీ చెప్పుకున్నప్పటి గర్వమే ఆ గొంతులో ఉంది. "నాకైతె పనిచెయ్యదు. కాని మంచి మందు."

ఆరు వారాలు ఏ మాట చెప్పడానికి పెర్సిస్ వణికిందో, ఆ మాటే తండ్రి నోట అంత తేలిగ్గా వచ్చింది. ఆమె ఇక ఆపుకోలేక ఏడ్చింది. గాబ్రియేలు సూది లేని చేతిని చాపి ఆమె తల మీద పెట్టాడు.