ముఖం చూడని బేరం

నాగావ్‌లో మూతపడ్డ ఆ మగ్గాల కార్ఖానా పక్క సందుకు చెడ్డపేరుంది. లోపలున్న దెయ్యానికి మనిషి ముఖం కనబడితే చాలట... రెక్క పట్టి లోపలికి గుంజి మగ్గం ముందు నిలబెడుతుందట. ఇక చేతికి పగార్ లేదు, పండుగకైనా సుట్టీ లేదు — చచ్చేదాకా బట్ట నేస్తూనే ఉండాలి. చచ్చాక కూడానట!

మగ్గాలు నడిపే చిన్నయ్య రాత్రిపాళీకి పోవాలంటే అదే దారి. తొంభై ఏడులో ఒక రాత్రి సరిగ్గా అక్కడే కరెంటు పోయింది. చేతిలోని రొట్టెల మూటను పగిలిన కిటికీ గట్టుమీద పడేసి, ముఖానికి తువ్వాలు కప్పుకుని పరుగో పరుగు.

తెల్లారి వస్తూ చూస్తే రొట్టెలు లేవు. వాటి చోట... బీడీలు!

ఇంటికొచ్చి బిడ్డ సాక్షికి చెప్పాడు. అది బడి పుస్తకం మూసి నవ్వింది.

"బాపూ, ఎనకట సహారా ఎడారిల గిట్లనే బేరం చేసెటోళ్లట. ఉప్పు కుప్పవోసి దూరం పోవాలె. అవతలోళ్లు వచ్చి బంగారం పెట్టిపోతరు. ఒకల ముఖం ఒకలు చూడరు."

"ఎందుకు బిడ్డా?"

"దొరికితే సంకెళ్లేసి, ఒంటెల ఎంబడి నడిపించి, గులాములుగ అమ్ముతరని భయం."

చిన్నయ్యకు ప్రాణం లేచొచ్చింది. దెయ్యమైతేనేం, బేరం తెలిసిన దెయ్యం! ఆనాటినుంచి రోజూ రొట్టెలు పెట్టడం, తలవంచుకుని పోవడం, పొద్దున బీడీలు తెచ్చుకోవడం. భార్య శోభ మాత్రం రొట్టెలు కాల్చలేక విసిగిపోయింది.

పదోనాడు ఆలస్యమైంది. చీకట్లో గట్టుమీద చెయ్యి పెట్టాడో లేదో... ఇంకో చెయ్యి తగిలింది!

"నన్ను గుంజకు సామీ... బిడ్డ చిన్నది..." చిన్నయ్య కళ్లు మూసుకున్నాడు.

"నువ్వే నన్ను గుంజకు... ఇంట్ల ముసలవ్వ ఉన్నది..." అవతలి గొంతు ఇంకా వణికింది.

అగ్గిపుల్ల వెలిగింది. చూస్తే వెనక నూలు గోదాము వాచ్‌మన్ పర్శరాములు! ఇద్దరూ అక్కడే కూలబడి పడీపడీ నవ్వారు.

"బీడీలు పెట్టేది నువ్వేనా అన్నా?"

"రొట్టెలు దొరికినయ్ గదా తమ్మీ. దెయ్యం సొమ్ము ఊకెనే తింటే ఎట్ల అని, రోజుకు పది పెడ్తున్న."

"పదా? నాకు ఎనిమిదే వస్తున్నయ్!"

"ఏమోరా... నాకైతే రోజు మూడు రొట్టెలు దొరుకుతున్నయ్, సాలుతున్నయ్."

చిన్నయ్య నవ్వు ఆగిపోయింది.

"అన్నా... నేను పెట్టేది నాలుగు."

ఇద్దరూ మెల్లగా కిటికీ వైపు తిరిగారు. ముఖాలు దాచుకోవాలన్న సంగతే మరిచిపోయారు.

ఏళ్లుగా తాళం పడ్డ ఆ కార్ఖానా లోపల... ఎవరో తీరిగ్గా బీడీ వెలిగించారు.

"నడుమ ఉన్నోనికి దలాలీ ఉండదా, బిడ్డా?"