మకోఖా గిన్నెలో లేని కందనకాయ

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మకోఖా పులుసు గిన్నెలో కందనకాయ కనిపించలేదు. పొద్దున కోసిన కోడిలో అది ఉంది. బుంగోమా పట్నం చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా కందనకాయ ఇంటి పెద్దకే చెందుతుంది. ఆడవాళ్లు తినరు.

మకోఖా గరిటెతో రెండుసార్లు కలిపి చూశాడు. కోడలు నంజాలా గోడ అవతల వంటపాకలో ఉంది. మామ కోడలితో నేరుగా మాట్లాడకూడదు. అందుకని భార్య నమల్వా వైపు తిరిగాడు.

“ఈ కోడికి కందనకాయ లేకుండానే ఇన్నాళ్లూ తిండి అరిగిందా, అడుగు.”

నమల్వా అడిగేలోపే గోడ అవతలి నుంచి జవాబు వచ్చింది. “నేనే తిన్నాను అత్తయ్యా.”

కొడుకు కుందు ముద్ద వదిలేసి లేచాడు. “నీకేమైనా పిచ్చా? ఊళ్లో నన్ను తలెత్తుకోనిస్తావా?”

“ఎత్తుకో. నాకైతే తలెత్తితే కళ్లు తిరుగుతున్నాయి.”

“కడుపుతో ఉన్నదానికి నోరూరుతుంది, నిజమే. అంతమాత్రాన మీ మావయ్య గిన్నెలోంచా?” అంది నమల్వా.

“నోరూరి కాదు అత్తయ్యా. శుక్రవారం ఆస్పత్రిలో నర్సు వేలు గుచ్చి ఒక చుక్క తీసింది. రక్తం ఏడున్నరే ఉందట, పదకొండైనా ఉండాలట. ఇలాగే ఉంటే బిడ్డ నెలలు నిండకముందే రావచ్చు, చిన్నగా పుట్టొచ్చు అంది. మాత్రలిచ్చింది, మాంసం తినమంది. మనింట్లో మాంసమంటే ఆదివారం కోడి. నాకొచ్చేది మెడ, కాళ్లు.”

“ఇంకా పుట్టని బిడ్డ సంగతి ఒక్క చుక్కలో తెలుస్తుందా?” అంది నమల్వా.

“తెలుస్తుందట.”

నమల్వా పీట మీద కూలబడింది. ఆమెకు ఇద్దరు నెలలు నిండకుండా పుట్టారు. ఇద్దరూ అరటిచెట్ల కింద ఉన్నారు. అప్పట్లో మేకను కోసి పేగులు చూసిన పెద్దమనిషి, చనిపోయిన అత్త అలిగిందని చెప్పాడు. రెండోసారి ఇంకో మేకను కోశారు.

“అప్పుడు నాకూ కళ్లు తిరిగేవి” అంది మొగుడితో. “మేక పేగుల్ని అడిగాం. నా నెత్తుర్ని ఎవరం అడగలేదు.”

ఆ రెండు గుంతలూ తవ్వింది మకోఖానే. కుందు మెల్లగా కూర్చున్నాడు.

“కార్జం ఇందులోనే ఉంది, అవతలికి ఇయ్యి” అన్నాడు మకోఖా, గిన్నెను భార్య ముందుకు జరిపి. “ఇకమీదట కందనకాయ నాకు వెయ్యొద్దని చెప్పు.”

“విన్నానని చెప్పండి అత్తయ్యా” అంది గోడ అవతలి గొంతు.

నంజాలా మాత్రలు మానలేదు. జులైలో ఆమెతోపాటు నమల్వా కూడా ఆస్పత్రికి వెళ్లింది. నర్సు కోడలి నెత్తుటి చుక్కను అరచేతిలో పట్టే యంత్రంలో పెడుతుంటే, చర్చిలో నిలబడ్డట్టు నిలబడింది. పదకొండు అని వచ్చింది.

సెప్టెంబరులో, నెలలు నిండాక, ఆడపిల్ల పుట్టింది. తూకం వేసినప్పుడు నమల్వా పక్కనే ఉంది. మూడు కిలోల వంద గ్రాములు.